ఆలిస్‌కు నిజంగా పిచ్చా? ఒక స్పానిష్ సినిమా చిక్కుముడి

సినిమా అయిపోయేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మా అక్క దుప్పటి పక్కకు నెట్టి, "పిచ్చిదే, ఇంక అనుమానం లేదు" అంది. "కాదక్కా, మొగుడు ఇరికించాడు" అన్నాను. తెర మీద స్పానిష్ పేర్లు పైకి పోతున్నాయి. అరగంట వాదించుకున్నాం. తను చూపించిన ప్రతి ఆధారం నా వాదనకూ సరిపోయింది. నేను చూపించినవన్నీ తన వాదనకూ సరిపోయాయి. పడుకున్నామే గానీ ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఆ సినిమా పేరు ‘లోస్ రెంగ్లోనెస్ తోర్సిదోస్ దె దియోస్’. తెలుగులో ‘దేవుడి వంకర రాతలు’ అనుకోవచ్చు. 2022 అక్టోబరులో స్పెయిన్ థియేటర్లలో విడుదలైంది, ఆ డిసెంబరులోనే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నిడివి రెండున్నర గంటల పైమాటే. చూసినవాళ్లంతా అడిగేది ఒకటే: చివర్లో అసలేమైంది? ఆ ముడి విప్పాలనే ఈ వ్యాసం. ముగింపుతో సహా అన్నీ చెప్పబోతున్నాను కాబట్టి, చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి. తొలిసారి చూసేటప్పుడు కలిగే తికమక విలువైనది, దాన్ని చెడగొట్టడం నాకిష్టం లేదు.

దర్శకుడు ఓరియోల్ పౌలో. పేరు కొత్తగా అనిపించినా ఆయన కథ తెలుగువాళ్లకు తెలిసిందే. 2016లో ఆయన తీసిన ‘కొంత్రాతియెంపో’ ఆధారంగానే 2019లో మన ‘ఎవరు’ వచ్చింది. అదే ఏడాది హిందీలో ‘బద్‌లా’ కూడా వచ్చింది. స్పానిష్‌లో నిందితుడు మగవాడు, ఒక వ్యాపారవేత్త. తెలుగులోనూ హిందీలోనూ ఆ పాత్రను ఆడమనిషిగా మార్చారు. ఇది చిన్న మార్పు కాదు. నిందితుడు మగవాడైతే "వీడేం దాస్తున్నాడు?" అని చూస్తాం. ఆడమనిషైతే "అసలు ఈమె మాట నమ్మొచ్చా?" అన్న దగ్గరే మొదలుపెడతాం. ‘దేవుడి వంకర రాతలు’ మొత్తం ఆ రెండో ప్రశ్న మీదే నడుస్తుంది. ‘కొంత్రాతియెంపో’లో ప్రియురాలు లారాగా చేసిన బార్బరా లెన్నీయే ఇక్కడ ఆలిస్ గూల్డ్.

కథ, ఆలిస్ చెప్పినట్టు

కాలం 1979. స్పెయిన్‌లో ఒక మానసిక చికిత్సాలయానికి కారులో ఒకామె వస్తుంది. డబ్బున్న మనిషి, చదువుకున్న మనిషి. మాటలో తడబాటు లేదు, చూపులో బెదురు లేదు. వెంట ఒక డాక్టరు రాసిన ఉత్తరం, భర్త సంతకంతో ఆసుపత్రిలో చేర్చుకోమన్న అర్జీ ఉన్నాయి. ఉత్తరం రాసింది దోనాదియో అనే డాక్టరు. ఆమెకు పారనోయా, అంటే అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనుకునే జబ్బు ఉందని, భర్త హెలియొడోరోకు విషం పెట్టబోయిందని అందులో ఉంటుంది. చాలా తెలివైనదనీ, నమ్మదగినట్టు కథలు అల్లగలదనీ హెచ్చరిక కూడా ఉంటుంది.

ఆలిస్ చెప్పేది వేరు. తానొక ప్రైవేటు డిటెక్టివ్. గార్సియా దెల్ ఓల్మో అనే పెద్దమనిషి కొడుకు దామియాన్ ఈ ఆసుపత్రిలోనే అనుమానాస్పదంగా చనిపోయాడు. హంతకుణ్ణి పట్టుకోవాలంటే లోపల ఉండాలి, లోపల ఉండాలంటే రోగిగా చేరాలి. అందుకే ఆ కాగితాలు తయారయ్యాయి. ఆసుపత్రి పెద్ద సామ్యుయెల్ ఆల్వార్‌కు ఈ ఏర్పాటంతా ముందే తెలుసు. ఆయన ఊళ్లో లేని సమయంలో తాను చేరింది, ఆయన తిరిగి రాగానే అంతా సర్దుకుంటుంది.

ఆల్వార్ వస్తాడు. ఆలిస్ తెలిసినవాళ్ల దగ్గర మాట్లాడినట్టు నిబ్బరంగా మాట్లాడుతుంది. ఆయన మాత్రం ముక్కూ మొహం తెలియని రోగిని చూసినట్టు చూస్తాడు. ఏర్పాటూ లేదు, ఉత్తరాలూ లేవు, తనకేమీ తెలియదంటాడు. ఆ క్షణంలో మన కాళ్ల కింద నేల జారుతుంది. అప్పటిదాకా ఆమెతో కలిసి ఆసుపత్రిని చూస్తున్న మనం, ఒక్కసారిగా ఆల్వార్ బల్లకు ఇవతల కూర్చుని ఆమెను చూడటం మొదలుపెడతాం. ఎడ్వార్డ్ ఫెర్నాండెజ్ ఈ ఆల్వార్ పాత్రను ఎంత ఓపికగా, ఎంత మర్యాదగా చేశాడంటే, ఆయన దుర్మార్గుడో నిజంగా రోగి మేలు కోరే డాక్టరో సినిమా అయ్యాక కూడా నేను ఖచ్చితంగా చెప్పలేను.

ఒకే ఆధారం, రెండు కథలు

ఇక్కడి నుంచి ముడి బిగుస్తుంది. మూడు ఆధారాలు తీసుకుని ఎటు లాగితే ఎటు వస్తాయో చూద్దాం.

మొదటిది దోనాదియో ఉత్తరం. ఉత్తరం నిజమైతే ఆలిస్ రోగి, చెప్పేవన్నీ అల్లికలు. ఉత్తరం తయారుచేసిందైతే ఆలిస్ డిటెక్టివ్, చెప్పేవన్నీ నిజాలు. ఆమె తెలివైనది, నమ్మించగలదు అన్న ఆ వాక్యాన్ని ఒకసారి ఆగి చూడండి. ఆ వాక్యం ఫైలులో ఉన్నాక ఆమె ఏం చేసినా తప్పే. పొంతన లేకుండా మాట్లాడితే జబ్బు. పొంతనగా మాట్లాడితే అదిగో, డాక్టరు ముందే హెచ్చరించాడుగా! కోపం వస్తే అదో లక్షణం, నవ్వితే అదో లక్షణం. బయటికి దారి లేని గది అది. తాళం తలుపుకు లేదు, ఆ వాక్యంలో ఉంది.

రెండోది గార్సియా దెల్ ఓల్మో. ఆలిస్ పట్టుబట్టగా ఆ పేరున్న అసలు మనిషినే ఎదురుగా నిలబెడతారు. ఆయన ఎవరో ఆలిస్‌కు తెలియదు! "నా దగ్గరికి వచ్చింది ఈయన కాదు" అంటుంది. మా అక్కకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు: లేని క్లయింటును ఊహించుకుంది, అసలువాడు వస్తే గుర్తుపట్టలేకపోయింది. నేను చెప్పింది: ఎవరో ఆ పేరు పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చారు, ఆమెను ఈ ఆసుపత్రిలోకి నడిపించడానికే వచ్చారు. అప్పుడే ఆలిస్ బుర్రలో భర్త పేరు మెదులుతుంది. తన ఆస్తి కోసం హెలియొడోరో పన్నిన వల ఇది. తనకు కేసులంటే ఇష్టం కాబట్టి ఒక దొంగ కేసునే ఎరగా వేశాడు. తన చేత్తోనే తనను పిచ్చిదని కాగితాలు తయారుచేయించాడు. మామూలుగా అయితే ఇంతకన్నా లోతైన పన్నాగం ఉండదు. ఒక పారనోయా రోగి అల్లుకునే కథ కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది.

మూడోది మన కళ్లతో మనం చూసినవి. ఆ క్లయింటు ఆలిస్‌తో మాట్లాడటం, కేసు వివరించడం మనకు తెర మీద కనిపిస్తుంది. కనిపించింది కాబట్టి జరిగిందనుకుంటాం. తీరా చూస్తే ఆ దృశ్యాలు ఆలిస్ చెబుతున్న మాటలకు బొమ్మలు మాత్రమే. ఇది పౌలోకు పాత అలవాటు. ‘కొంత్రాతియెంపో’లోనూ పాత్ర చెప్పిన అబద్ధాన్ని నిజమంత శుభ్రంగా బొమ్మ కట్టి చూపించాడు. ‘ఎవరు’ చూసినవాళ్లకు ఆ దెబ్బ గుర్తుండే ఉంటుంది.

దీనికి తోడు కాలంతోనూ ఒక ఆట ఆడతాడు. ఆసుపత్రిలో మంటలు, గందరగోళం, ఒక గదిలో శవం, విచారణకు వచ్చినవాళ్లు – ఒక రాత్రి తాలూకు ముక్కలు కథ మధ్యలో వచ్చిపోతుంటాయి. ఇది దామియాన్ చనిపోయిన రాత్రే, ఆలిస్ రాకముందు సంగతే అనుకుంటాం. కానీ అది ఆలిస్ వచ్చాక, ఆమె బయటపడాలని చేసిన ప్రయత్నంతో ముడిపడి జరిగిన రాత్రి. గతమని మనం అనుకున్నది నిజానికి ముందుంది. ఇది తెలిశాక రెండోసారి చూస్తే ఆ ముక్కలు చక్కగా వరుసలో కూర్చుంటాయి. ఈ ముడి తేలిగ్గానే విడిపోతుంది. అసలు ముడి ఇది కాదు.

చివరి నిమిషం

వైద్యుల బృందం కూర్చుంటుంది. ఆలిస్ నిలబడి తన కేసు తానే వాదించుకుంటుంది. ఆమె తర్కానికి, ఆమె నిబ్బరానికి డాక్టర్లు ఒక్కొక్కరే ఆమె వైపు మొగ్గుతారు. గెలిచింది, వెళ్లిపోతుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం. తలుపు తెరుచుకుని ఒకాయన లోపలికి వస్తాడు. ఆయనే దోనాదియో, ఆలిస్ డాక్టరు. ఆ ముఖం మనకు తెలుసు. ఆలిస్ గుర్తుచేసుకున్న ప్రతిసారీ గార్సియా దెల్ ఓల్మోగా కనిపించిన ముఖం అదే. ఆయన ఆమెను ఆప్యాయంగా పలకరిస్తాడు, ఈసారి ఏం చిక్కు తెచ్చుకున్నావని అడుగుతాడు. కెమెరా ఆలిస్ ముఖం మీద నిలుస్తుంది. అంతే, సినిమా అయిపోతుంది.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది" అంది అక్క. సామెత సరిగ్గా అతికింది. తను చెప్పింది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆలిస్‌కు చాలాకాలంగా వైద్యం చేస్తున్న డాక్టరు ఈయన. జబ్బు ముదిరినప్పుడు ఆమె మనసు ఆ తెలిసిన ముఖానికే క్లయింటు వేషం వేసింది. "ఈసారి" అన్న మాట ఉంది చూశారా, అంటే ఇంతకుముందు కూడా ఇలాంటివి జరిగాయన్నమాట.

నేను ఆ మాటనే పట్టుకున్నాను. దోనాదియో హెలియొడోరోతో కుమ్మక్కైనవాడైతే, క్లయింటు వేషంలో ఆమె దగ్గరికి వెళ్లింది ఆయనే అయితే, ఆ గదిలోకి వచ్చి ఏమంటాడు? సరిగ్గా ఇదే అంటాడు. పదిమంది డాక్టర్ల ఎదుట "ఈసారి" అంటే చాలు, ఆమెకు ఒక పాత చరిత్ర పుట్టుకొస్తుంది. ఆ ఒక్క మాట రుజువా, ఉచ్చా? కత్తికి రెండు వైపులా పదునే.

ఇంకో దారి ఉంది, ఈమధ్య నేను దానికే ఎక్కువ మొగ్గుతున్నాను. రెండూ నిజం కావచ్చు. ఆమెకు నిజంగానే ఎప్పుడో మనసు బాగాలేక ఈ డాక్టరు దగ్గరికే వెళ్లి ఉండవచ్చు. ఆ పాత జబ్బును భర్త ఇప్పుడు అక్కరకు వాడుకుని ఉండవచ్చు. ఒకప్పుడు జబ్బుపడిన మనిషిని మోసం చేయకూడదని ఎక్కడా లేదు. నిజానికి వాళ్లను మోసం చేయడమే తేలిక. ఈ మూడో దారి మా వాదనలో ఇద్దరికీ తట్టలేదు. పిచ్చి అయినా ఉండాలి, కుట్ర అయినా ఉండాలి, రెండిట్లో ఒకటే ఉండాలని సినిమా మనకు మొదటి నుంచీ నూరిపోసింది మరి.

తర్కం చెడని పిచ్చి

ఆలిస్ ఇంత తెలివిగా వాదిస్తుంది కదా, పిచ్చిదెలా అవుతుంది అని చాలామంది అంటారు. వైద్యంలో దీనికి పాత చరిత్రే ఉంది. 1909లో పాల్ సెరియే, జోసెఫ్ కాప్‌గ్రా అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు ఇలాంటి రోగుల మీద ఒక పుస్తకం రాశారు. ఈ రోగులకు లేనివి కనబడవు, లేని గొంతులు వినబడవు. జ్ఞాపకశక్తి బాగుంటుంది, లెక్కలు తప్పవు, మాట తీరుగా ఉంటుంది. చూసినవి నిజంగా చూసినవే. వాటికి చెప్పుకునే అర్థం దగ్గరే తేడా వస్తుంది. వీధిలో ఎవరో దగ్గితే అది తనకు సంజ్ఞ. ఉత్తరం ఆలస్యమైతే ఎవరో ఆపారు. ఒక్కో చిన్న సంగతీ ఒకే పెద్ద కథలోకి వచ్చి చేరుతుంది, ఎదురొచ్చిన ఆధారం కూడా ఆ కథకే బలమవుతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇప్పుడు డిటెక్టివ్ పని ఏమిటో ఆలోచించండి. ఇతరులు పట్టించుకోని దగ్గును పట్టించుకోవడం. ఆలస్యమైన ఉత్తరాన్ని అనుమానించడం. చెదురుమదురు సంగతుల్ని ఒక కథగా కుట్టడం. డిటెక్టివ్ చేసేదీ, ఆ రోగి చేసేదీ పైకి ఒకేలా ఉంటాయి. కథానాయికను డిటెక్టివ్‌గా పెట్టడంలోని నేర్పంతా ఇదే. పైగా సోఫాలో కూర్చుని ఆ వెనక నిలబడ్డ మనిషెవరు, ఆ మాట ఎందుకన్నాడు అని లెక్కలు వేస్తున్న నేనూ, అక్కా కూడా ఆ రాత్రి చేసింది అదే.

పిచ్చి నటించి లోపలికి వెళ్లడం కల్పన మాత్రమే కాదు. 1887లో నెల్లీ బ్లై అనే అమెరికన్ పాత్రికేయురాలు న్యూయార్క్‌లోని బ్లాక్‌వెల్స్ ద్వీపంలో ఉన్న ఆడవాళ్ల పిచ్చాసుపత్రిలో అలా చేరి 10 రోజులు గడిపింది. లోపలికి వెళ్లాక నటన మానేసి మామూలుగానే ఉంది. అలా ఉన్నకొద్దీ తనను ఇంకా పిచ్చిదనే అనుకున్నారని రాసింది. 1973లో డేవిడ్ రోజెన్‌హాన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రచురించిన పరిశోధనలో ఇలా చేరిన కొందరు సగటున 19 రోజులు లోపల ఉండాల్సి వచ్చింది, ఒకరికి 52 రోజులు పట్టింది. వాళ్లలో ఒకరు కాగితం మీద ఏదో రాసుకుంటుంటే, రాయడమే ఒక లక్షణంగా నమోదైంది. ఆ పరిశోధనలో చెప్పినవన్నీ నిజమేనా అని తర్వాతి కాలంలో గట్టి సందేహాలు వచ్చాయి, ఆ సంగతీ చెప్పాలి.

ఈ సినిమాకు మూలమైన నవల రాసిన తొర్క్వాతో లూకా దె తెనా కూడా ఆ దారే తొక్కాడు. ఆయన పాత్రికేయుడు, ‘ఆబేసే’ దినపత్రికకు సంపాదకుడిగా చేసినవాడు. గలీసియా ప్రాంతంలో సాంతియాగో దె కొంపోస్తేలా దగ్గరి కోంషో ఆసుపత్రిలో రోగిగా చేరి 18 రోజులు గడిపి వచ్చి 1979లో ఆ నవల వేశాడు. దేవుడు వంకర గీతల మీద కూడా తిన్నగా రాస్తాడని స్పెయిన్‌లో ఒక నానుడి. నవల దాన్ని కాస్త తిప్పి, ఈ రోగులు దేవుడు రాత నేర్చుకునే రోజుల్లో పడిన వంకర పంక్తులు అంటుంది. బ్రహ్మరాత అనే మాట మనకు పుట్టుకతో తెలుసు. రాసేవాడి చెయ్యి కూడా ఒకప్పుడు తడబడి ఉంటుందన్న ఊహ నాకు మాత్రం గుండెకు తగిలింది.

సంతకం చేసింది ఎవరు?

మూడో రోజు టీ తాగుతూ అక్క ఒక మాట అంది: "అది సరేగానీ, మొగుడు సంతకం పెడితే లోపల వేసేయడమేనా? అడిగేవాళ్లు లేరా?" అప్పుడు అనిపించింది, మేం మూడు రోజులుగా తప్పు కొసను లాగుతున్నామని. ఆలిస్‌కు పిచ్చా కాదా అన్నది సినిమా మన చేతిలో పెట్టిన కొస. దాన్నెంత లాగినా బిగుస్తుంది. అది తేల్చే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్న కొసను లాగితే వదులవుతుంది.

ఆ కాలంలో స్పెయిన్‌లో మానసిక ఆసుపత్రిలో చేర్చడం 1931 నాటి ఒక ఉత్తర్వు ప్రకారం జరిగేది. రోగి ఒప్పుకోకపోయినా, ఒక డాక్టరు పత్రం, దగ్గరి బంధువు అర్జీ ఉంటే చేర్చుకోవచ్చు. పెళ్లైన ఆడమనిషికి దగ్గరి బంధువెవరు? భర్తే. ఆలిస్ చేతిలో ఉన్న రెండు కాగితాలూ అవే. కథ కోసం ఎక్కడా గోరంత కొండంత చేయలేదు.

ఆ దేశపు ఆడవాళ్లు అప్పుడు ఎక్కడున్నారో చూడాలి. నియంత ఫ్రాంకో 1975 నవంబరులో పోయాడు. అదే ఏడాది మే దాకా పెళ్లైన ఆడది ఆస్తి అమ్మాలన్నా, ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నా భర్త అనుమతి కావాలి. పరపురుష సంబంధం 1978 దాకా నేరం. చట్టం ఆడవాళ్ల పట్ల ఒకలా, మగవాళ్ల పట్ల మరోలా ఉండేది. కొత్త రాజ్యాంగం 1978 డిసెంబరులో వచ్చింది. విడాకుల చట్టం 1981లో గానీ రాలేదు. అంటే 1979లో హెలియొడోరోకు భార్య వద్దనుకుంటే విడాకులు ఇచ్చే దారే లేదు. ఆస్తి ఆమెది. ఇక మిగిలిన దారి ఏమిటి? కథలో ఎవరూ ఈ లెక్క బిగ్గరగా చెప్పరు. సంవత్సరం తెలిసిన స్పెయిన్ ప్రేక్షకులకు చెప్పక్కర్లేదు కూడా.

పిచ్చాసుపత్రి ఒక్కటే కాదు. ఆడపిల్లల రక్షణ పేరుతో ఫ్రాంకో కాలంలో 1941లో ఒక సంస్థ పెట్టారు. ఏ నేరం చేయకపోయినా, దారి తప్పిందనో దారి తప్పబోతోందనో అనుకున్న అమ్మాయిలను అది కన్యాస్త్రీల నిర్వహణలోని ఇళ్లలో బంధించేది. ఆ సంస్థను మూసింది 1985లో. ఫ్రాంకో పోయిన పదేళ్లకు! ఈ సంగతి తెలిశాక సినిమాలో ఆసుపత్రి తోట, ఎత్తైన గోడలు నాకు వేరేలా కనిపించాయి.

1983లో స్పెయిన్ చట్టం మారింది. ఇష్టం లేని మనిషిని ఆసుపత్రిలో ఉంచాలంటే జడ్జి అనుమతి తప్పనిసరైంది. జడ్జి ఆ మనిషిని స్వయంగా చూడాలి, తాను నియమించిన డాక్టరు అభిప్రాయం వినాలి, ఆరు నెలలకు మించకుండా మళ్లీ మళ్లీ పరిశీలించాలి. ఆలిస్ కథ నాలుగేళ్లు ఆలస్యంగా జరిగి ఉంటే, ఆల్వార్ కన్నా ముందు ఒక జడ్జి ఆమెతో మాట్లాడేవాడు. దోనాదియో ఉత్తరంలో రాసిందే చివరి మాట అయ్యేది కాదు. అప్పుడు ఆమెకు జబ్బు ఉందని తేలినా తేలవచ్చు. కానీ ఆ తేల్చడంలో భర్తకు ఓటు ఉండేది కాదు.

ఒక్కటి మాత్రం నవల గురించి చెప్పాలి. అందులో ఆల్వార్ పాత పద్ధతి డాక్టరు కాదు, పిచ్చాసుపత్రుల గోడలు కూల్చాలనే కొత్త ఆలోచనలవాడు. 1978లో ఇటలీ, ఫ్రాంకో బసాల్యా అనే తమ మానసిక వైద్యుడి ప్రేరణతో చట్టం చేసి పిచ్చాసుపత్రులు మూసేయడం మొదలుపెట్టింది. ఆ గాలి స్పెయిన్‌లోనూ వీచింది. సంప్రదాయవాది అయిన రచయితకు ఆ ఆలోచనలు నచ్చలేదు, ఆ అయిష్టం ఆల్వార్ చిత్రణలో కనిపిస్తుంది. రోగుల స్వేచ్ఛ కోరే డాక్టరే ఈ ఒక్క రోగి మాట వినకపోవడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

మన దగ్గర

ఇది ఎక్కడో స్పెయిన్ గొడవ అనుకోలేకపోయాను. హైదరాబాదులో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు, విశాఖలో చినవాల్తేరు పేరు చెబుతారు. సరదాకే అంటారు. ఆ సరదా ఎప్పుడు ఆయుధమవుతుందో చెప్పలేం. కొన్నేళ్ల కిందట తెలిసినవాళ్ల ఇంట్లో పెళ్లి తగువుకు పెద్దమనుషులు కూర్చున్నారు. అటువైపు నుంచి ఒకాయన నెమ్మదిగా, ఎంతో బాధపడుతున్నట్టు, "అమ్మాయికి మతిస్థిమితం లేదండీ" అన్నాడు. అప్పటిదాకా ఆ అమ్మాయి చెప్పేది తలూపుతూ వింటున్నవాళ్లు ఆ తర్వాత ఆమె నోటివైపు కాక కళ్లవైపు చూడటం మొదలుపెట్టారు. ఆమె ఏడిస్తే "చూశారా" అన్నారు. ఏడవకుండా ఉంటే కూడా "చూశారా" అనే అన్నారు. దోనాదియో ఉత్తరం చదువుతుంటే నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

2017లో మన దేశంలో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడుతుంది. సమాజపు నీతులకో, ఆచారాలకో ఒదగనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదు. ఎప్పుడో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బుందని అనకూడదు. దోనాదియో "ఈసారి" అన్న మాటకు సరైన జవాబు ఇదే అనిపిస్తుంది నాకు. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు, రోగి సమీక్షా మండలికి మొరపెట్టుకోవచ్చు. ఈ మాటలు మన ఇళ్లలో చాలామందికి తెలియవు. తెలియాలి.

సినిమాలో నాకు మింగుడుపడనివి కూడా ఉన్నాయి. ఆలిస్ చుట్టూ ఉన్న రోగుల్లో చాలామంది మనల్ని భయపెట్టడానికే ఉన్నారు. వాళ్ల నడక, వాళ్ల నవ్వు, వాళ్ల అరుపు అన్నీ దర్శకుడు అలంకరణ సామగ్రిలా వాడుకున్నాడు. ఆలిస్ మాట వినమని రెండున్నర గంటలు మొత్తుకునే సినిమా, పక్క మంచంలోని మనిషి మాట వినే ఓపిక చూపలేదు. ఇక కరెంటు షాకు దృశ్యం. అక్కడ దాన్ని శిక్షలా చూపించారు, ఆ రోజుల్లో అలా వాడిన చోట్లు ఉన్నాయి కూడా. ఇప్పుడు అది మత్తు ఇచ్చి చేసే చికిత్స. తీవ్రమైన దిగులు వ్యాధిలో ప్రాణాలు నిలబెడుతుంది. మత్తు లేకుండా ఇవ్వడాన్ని మన చట్టమే నిషేధించింది. ఇంట్లో ఎవరికైనా డాక్టరు అది సూచిస్తే, ఈ సినిమా గుర్తొచ్చి వద్దనకండి.

వారం తర్వాత ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం మళ్లీ చూశాం. ఈసారి వాదన లేదు, రిమోట్ అక్క చేతిలో ఉంది. ఆ క్లయింటు కనిపించిన ప్రతిచోటా ఆపింది. ఆయనతో పాటు గదిలో మూడో మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికాం. చివరి దృశ్యానికొచ్చాక, దోనాదియో మాట్లాడటం పూర్తవగానే ఆపేసింది. తెర నిండా బార్బరా లెన్నీ ముఖం.

"చూడు, ఆశ్చర్యపోవడం లేదు" అంది అక్క. "గుర్తుపట్టింది."

"గుర్తుపట్టింది సరే" అన్నాను. "ఎవరని?"